చవక ఎలక్ట్రిక్ కారు కొనే ముందు: రాత్రి అది ఎక్కడ ఆగుతుందో తేల్చుకోండి

ఎలక్ట్రిక్ కారు కొందామనుకునే ప్రతి ఒక్కరూ అడిగే మొదటి ప్రశ్న, "ఒకసారి చార్జ్ చేస్తే ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?" నేను దానికి బదులివ్వకుండా ఇంకో ప్రశ్న వేస్తాను: "రాత్రి పూట కారు ఎక్కడ పెడతారు?" చాలామంది ఆ మాట విని నవ్వేస్తారు. కానీ కారు పన్నెండు గంటలు ఆగి ఉండే చోట ఒక ప్లగ్గు ఉందా లేదా అన్నదాన్ని బట్టే, ఆ కారు మీకు సుఖమా తలనొప్పా అన్నది తేలుతుంది.

ఖరీదైన కారు కొనేవాళ్లకు ఈ లెక్కలు అంతగా అక్కర్లేదు. పెద్ద బ్యాటరీ ఉంటే చిన్న చిన్న పొరపాట్లు అందులో కలిసిపోతాయి. చవక కారులో బ్యాటరీ చిన్నది, లోపలి చార్జరు చిన్నది, కొన్ని మోడళ్లలో ఫాస్ట్ చార్జింగ్ అసలే ఉండదు. కాబట్టి లెక్క ముందే వేసుకోవాలి. దాన్ని ఏ వరుసలో వేయాలో ఇక్కడ చెబుతున్నాను. వరుస మార్చకండి. షోరూముకి వెళ్లడం చివర్లో వస్తుంది.

మొదటి అడుగు: నెల రోజులు మీటరు రాయండి

ఇప్పుడు మీ దగ్గరున్న బండి ఏదైనా సరే, రోజూ రాత్రి దాని మీటరు అంకె ఒక పుస్తకంలో రాయండి. స్నేహితుల కారో, క్యాబో వాడుతుంటే ఆ దూరమైనా రాయండి. నెల అయ్యాక అందులోంచి మూడు అంకెలు తీయాలి. మామూలు రోజు ఎంత తిరిగారు, బాగా ఎక్కువ తిరిగిన రోజు ఎంత, 150 కిలోమీటర్లు దాటిన రోజులు ఎన్ని. ఏడాదిలో చేసే దూరప్రయాణాలు విడిగా రాసుకోండి, అవి వేరే లెక్క.

ఇది ఎందుకంటే, మనం తిరిగే దూరాన్ని మనమే తప్పుగా అంచనా వేస్తాం. నేను రోజుకి డెబ్బై తిరుగుతాననుకునేవాణ్ని. పుస్తకం చూస్తే నలభై కూడా లేదు. ట్రాఫిక్‌లో గడిపిన సమయాన్ని దూరం అనుకున్నానన్నమాట. ఆ అంకె చూశాక, నేను కొనబోయిన పెద్ద బ్యాటరీ మోడల్ నాకు దండగని తేలింది.

రెండో అడుగు: ప్లగ్గు సంగతి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

ముందు ఒక మాట అర్థం చేసుకుంటే మిగతావన్నీ తేలిక. బ్యాటరీ సైజు చెప్పడానికి బ్రోచర్లో వాడే కిలోవాట్ అవర్ అంటే కరెంటు బిల్లులో కనిపించే ఒక యూనిట్టే. 30 కిలోవాట్ అవర్ల బ్యాటరీ అంటే 30 యూనిట్లు పట్టే డబ్బా. చిన్న ఎలక్ట్రిక్ కారు ఊళ్లో తిరిగితే వంద కిలోమీటర్లకు దాదాపు 12 నుంచి 14 యూనిట్లు తాగుతుంది.

230 వోల్టుల ఇంట్లో 10 ఆంపియర్ల ప్లగ్గు 2.3 కిలోవాట్లు ఇస్తుంది. రాత్రి ఎనిమిది గంటలు పెడితే 18 యూనిట్లు. అందులో పది పదిహేను శాతం మార్పిడిలో వేడిగా పోతుంది. మిగిలిన పదిహేను పదహారు యూనిట్లతో దాదాపు 120 కిలోమీటర్లు వెళ్లొచ్చు. పుస్తకంలో మీ మామూలు రోజు అంకె దీనికన్నా బాగా తక్కువుంటే, గోడకి బిగించే ప్రత్యేక చార్జరు లేకుండానే మీ పని జరిగిపోతుంది. 120 వోల్టుల దేశాల్లో ఉండేవాళ్లకు మాత్రం మామూలు ప్లగ్గు నుంచి దాదాపు 1.4 కిలోవాట్లే వస్తాయి కాబట్టి, వాళ్లు రోజువారీ దూరం కాస్త ఎక్కువైతే 240 వోల్టుల లైను వేయించుకోక తప్పదు.

గోడ చార్జరు కావాలంటే, 32 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ లైను మీద 7.4 కిలోవాట్లు వస్తాయి. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. గోడకున్న పెట్టె నిజానికి చార్జరు కాదు. ఏసీ కరెంటును బ్యాటరీకి పట్టే డీసీగా మార్చే అసలు చార్జరు కారు లోపలే ఉంటుంది. (ఇక్కడ ఏసీ అంటే చల్లగాలి కాదు, గోడలోంచి వచ్చే కరెంటు.) చవక మోడళ్లలో ఆ లోపలి చార్జరు 3.3 కిలోవాట్లదే అయితే, బయట మీరు 7.4 పెట్టె బిగించినా కారు తీసుకునేది 3.3 మాత్రమే. కాబట్టి "లోపలి చార్జరు ఎంత?" అన్న ప్రశ్న బ్యాటరీ సైజు కన్నా ముందు అడగండి. కొన్ని కార్లలో తక్కువ వేరియంట్‌కి ఒకటి, పై వేరియంట్‌కి ఒకటి ఉంటుంది. ఆ తేడా బ్రోచర్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో దొరుకుతుంది.

ఇక వైరింగ్. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి నాలుగు విషయాలు చెప్పండి. కారుకి మీటరు నుంచి విడిగా ఒక లైను వేయాలి, దానిమీద ఇంకే వస్తువూ ఉండకూడదు. ఎర్తింగ్ బాగుండాలి. ఎర్త్ సరిగా లేకపోతే చాలా కార్లు చార్జింగే మొదలుపెట్టవు, జనం కారు పాడైందనుకుని టెన్షన్ పడతారు. 32 ఆంపియర్లకైతే రాగి తీగ కనీసం 6 చదరపు మిల్లీమీటర్లది వాడాలి, దూరం ఎక్కువైతే ఇంకా లావుది. షాక్ కొట్టకుండా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ఆగిపోయే స్విచ్ కూడా పెట్టించాలి.

ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం వద్దు. ఇస్త్రీ పెట్టె పది నిమిషాలు వాడి ఆపేస్తాం, కారు ఎనిమిది గంటలు ఆగకుండా లాగుతుంది. పాత సాకెట్‌లో పట్టు వదులైతే ఆ చోట వేడి పుడుతుంది. మొదటి వారంలోనే మా సాకెట్ అంచు గోధుమ రంగుకి తిరిగింది. వాసన ముందే వచ్చింది కాబట్టి బతికిపోయాం. తప్పు కారుది కాదు, పాత సాకెట్ మార్చకుండా పెట్టిన నాది.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఇంకో మెట్టు ఉంది. పార్కింగ్ మీ పేరున ఉందా, అక్కడికి మీ మీటరు నుంచి లైను లాగనిస్తారా, లేక ఉమ్మడి మీటరు నుంచి లెక్కగట్టి ఇస్తారా? సంఘం వాళ్లు మాటవరసకి "సరే లెండి" అంటే చాలదు, కాగితం మీద తీసుకోండి. ఆ కాగితం చేతికొచ్చాకే బుకింగ్ డబ్బు కట్టండి. కారు వచ్చి కింద నిలబడ్డాక మొదలయ్యే చర్చలు నెలల తరబడి సాగుతాయి.

ఇంట్లోనూ ఆఫీసులోనూ ప్లగ్గు లేనివాళ్లకు నేను చెప్పేది నచ్చకపోవచ్చు: ఇప్పుడే కొనకండి. పబ్లిక్ చార్జర్లలో యూనిట్ ధర ఇంటి ధర కన్నా బాగా ఎక్కువ. వారానికి రెండుసార్లు అక్కడ కూర్చునే సమయం వేరే. ఆదా అవుతుందని కొన్న కారు ఆదా చేయకపోతే ఆ చిరాకంతా కారు మీదకి మళ్లుతుంది. ఆఫీసులో చార్జింగ్ ఉంటే మాత్రం అది ఇంటితో సమానమే.

మూడో అడుగు: రేంజిని నిజం చేయడం

ఒక చార్జ్‌కి వస్తాయని బ్రోచర్లో రాసిన కిలోమీటర్లు, అంటే రేంజి, అబద్ధం కాదు, కానీ అవి ఒక పరీక్షలో వచ్చిన మార్కులు. ఒక్కో దేశంలో ప్రశ్నాపత్రం వేరు. అమెరికా ఈపీఏ పరీక్ష కాస్త కఠినం, యూరప్ డబ్ల్యూఎల్‌టీపీ మధ్యస్థం, చైనా సీఎల్‌టీసీ ఉదారం. ఉదాహరణకి బీవైడీ సీగల్ అనే చిన్న కారు 2023లో చైనాలో వచ్చింది. 30 యూనిట్ల బ్యాటరీతో సీఎల్‌టీసీ లెక్కన 305 కిలోమీటర్లు. దాన్నే కాస్త మార్చి 2025లో డాల్ఫిన్ సర్ఫ్ పేరుతో యూరప్‌లో అమ్మకానికి పెట్టినప్పుడు, ఆ 30 యూనిట్లకే డబ్ల్యూఎల్‌టీపీ అంకె 220. బ్యాటరీ కుంచించుకుపోలేదు, పరీక్ష మారింది, అంతే. కాబట్టి రెండు కార్లను పోల్చేటప్పుడు రెండూ ఒకే పరీక్షలో వచ్చిన అంకెలేనా అని చూడండి. ఆ తరవాత పరీక్ష అంకెను పక్కన పెట్టి సొంత లెక్క వేయండి.

అదే 30 యూనిట్ల బ్యాటరీ తీసుకుందాం. ఊళ్లో వందకి 13 యూనిట్లు అనుకుంటే 230 కిలోమీటర్లు. హైవే మీద వంద వేగంతో వెళితే వందకి 17 అనుకుందాం, అప్పుడు 175. పెట్రోలు కారుకి హైవే మీద మైలేజీ పెరుగుతుంది, దీనికి తగ్గుతుంది. ఊళ్లో బ్రేకు నొక్కినప్పుడల్లా మోటారు జనరేటరుగా మారి కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి నెడుతుంది. హైవేలో ఆ అవకాశం తక్కువ, పైగా గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది. 80 నుంచి 110కి వెళితే గాలి అడ్డు దాదాపు రెట్టింపు. చార్జింగ్ తక్కువగా ఉన్నప్పుడు ఇల్లు చేరాలంటే అన్నిటికన్నా పనిచేసే మందు వేగం తగ్గించడమే. చల్లగాలి ఆపేసి చెమటలు కక్కుతూ కూర్చోనక్కర్లేదు.

దూరప్రయాణంలో మొత్తం బ్యాటరీ మన చేతిలో ఉండదు. నూరు నుంచి పది శాతం దాకా మొదటి విడత, అంటే 27 యూనిట్లు, దాదాపు 160 కిలోమీటర్లు. దారిలో ఫాస్ట్ చార్జర్ దగ్గర ఎనభై శాతం దాటాక చార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడ లేచి బయలుదేరాలి. అంటే తరవాతి విడతలన్నీ పది నుంచి ఎనభై, 21 యూనిట్లు, దాదాపు 125 కిలోమీటర్లు. ఇంట్లో వాళ్లకి ఈ అంకె ముందే చెప్పండి. "గంటంపావుకోసారి ఆగుతాం" అని తెలిసి బయలుదేరితే గొడవ ఉండదు.

ఎండలో చల్లగాలి వేసుకుంటే మొదట్లో ఎక్కువ లాగినా, కాసేపటికి ఒక కిలోవాట్ అటూ ఇటూగా స్థిరపడుతుంది. గంటసేపు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా పోయేది ఏడెనిమిది కిలోమీటర్ల రేంజి. చలి దేశాల్లో పరిస్థితి వేరు. ఇంజిను వేడి ఉండదు కాబట్టి క్యాబిన్‌ని బ్యాటరీతోనే వేడి చేయాలి, బ్యాటరీ కూడా చలికి బద్ధకిస్తుంది, మైనస్‌లలో రేంజి మూడో వంతు దాకా తగ్గినా ఆశ్చర్యం లేదు. అక్కడుండేవాళ్లు తక్కువ కరెంటుతో క్యాబిన్‌ని వేడి చేసే హీట్ పంప్ ఉన్న వేరియంట్ కోసం కాస్త ఎక్కువ పెట్టడం న్యాయమే.

ఇక కొనుగోలు సూత్రం: మీ పుస్తకంలో తరచుగా వచ్చే పెద్ద రోజు అంకెను ఒకటిన్నరతో గుణించండి. సొంత లెక్కతో వచ్చిన రేంజి దాన్ని దాటితే చాలు. ఆ సగం అదనం బ్యాటరీ వయసుకీ, వాతావరణానికీ, మతిమరుపుకీ. దాన్ని దాటే బ్యాటరీల్లో అన్నిటికన్నా చిన్నది కొనండి. ఏడాదికి రెండుసార్లు చేసే ప్రయాణం కోసం మిగతా రోజులన్నీ అదనపు బరువు మోయడం ఎందుకు? ఆ రెండుసార్లకీ కారు అద్దెకు తీసుకోవచ్చు.

నాలుగో అడుగు: బ్యాటరీ జాతకం

చవక కార్లలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 2019లో నోబెల్ అందుకున్న జాన్ గుడెనఫ్ బృందం టెక్సాస్‌లో ఈ పదార్థాన్ని 1997లో లోకానికి చూపించింది. ఇందులో నికెల్, కోబాల్ట్ ఉండవు, అందుకే చవక. ఎక్కువ సార్లు చార్జ్ చేసినా తట్టుకుంటుంది, వేడికి తొందరగా అదుపు తప్పదు. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్‌ఎంసీ రకం అదే బరువులో ఎక్కువ కరెంటు పట్టుకుంటుంది, చలిలో మెరుగ్గా ఉంటుంది. చిన్న కారుకి నా ఓటు ఎల్‌ఎఫ్‌పీకే.

వాడకంలో తేడా ఒకటుంది. ఎన్‌ఎంసీ అయితే రోజూ ఎనభై శాతం దగ్గర ఆపడం మంచిది. ఎల్‌ఎఫ్‌పీలో వోల్టేజీ చాలాసేపు ఒకేలా ఉంటుంది కాబట్టి ఎంత మిగిలిందో కారుకే సరిగా తెలియదు. అందుకే చాలా కంపెనీలు వారానికోసారి నూరు శాతం నింపమంటాయి. మీ కారు మాన్యువల్లో ఏముందో అదే వేదం.

కూలింగ్ గురించి తప్పకుండా అడగండి. 2010 చివర్లో వచ్చిన మొదటి నిస్సాన్ లీఫ్ బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. ఎండ మండిపోయే అరిజోనాలో రెండేళ్లకే రేంజి తగ్గిందని 2012లో యజమానులు గొడవ చేశారు, ఆ తరవాత కంపెనీ బ్యాటరీ సామర్థ్యానికీ వారంటీ ఇచ్చింది. వేడి ప్రాంతంలో ఏళ్ల తరబడి ఉంచుకునే ఉద్దేశం ఉంటే లిక్విడ్ కూలింగ్ ఉన్నదే చూడండి.

వారంటీ విషయంలో మార్కెట్‌లో సాధారణంగా కనిపించేది 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, సామర్థ్యం 70 శాతం కన్నా పడిపోతే బాగుచేస్తామన్న హామీ. ఆ 70 అన్న అంకె కాగితం మీద ఉందో లేదో చూడండి. కొన్నిట్లో "లోపాలకు మాత్రమే" అని ఉంటుంది, అంటే మెల్లగా అరిగితే వాళ్లకి సంబంధం లేదు. రెండో యజమానికి బదిలీ అవుతుందా, టాక్సీగా తిప్పితే ఏమవుతుంది, కింద రాయి తగిలి బ్యాటరీ పెట్టెకి సొట్ట పడితే అందులో ఒక భాగం (మాడ్యూలు) మారుస్తారా, మొత్తం ప్యాకే మార్చాలంటారా? ఈ చివరి ప్రశ్నకి సేల్స్‌మన్ దగ్గర జవాబు ఉండదు. సర్వీస్ సెంటర్ వెనకవైపుకి వెళ్లి మెకానిక్‌ని అడగండి.

అయిదో అడుగు: బయట చార్జింగ్

ఇంటి ప్లగ్గు ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం, కానీ పిన్ను మాత్రం చూడాలి. సీసీఎస్‌2, సీసీఎస్‌1, జీబీటీ, నాక్స్, పాతబడిన చాడెమో, ఇలా ప్రాంతాన్ని బట్టి రకాలున్నాయి. మీ చుట్టుపక్కల ఎక్కువగా ఉన్న రకమే కారులో ఉండాలి. అసలు డీసీ ఫాస్ట్ చార్జింగ్ ఉందో లేదో అడగండి. యూరప్‌లో బాగా అమ్ముడైన డాసియా స్ప్రింగ్ తొలి మోడళ్లలో అది విడిగా డబ్బు కట్టి పెట్టించుకోవాల్సిన సౌకర్యం, అదీ 30 కిలోవాట్లకే. "గరిష్ఠంగా ఇన్ని కిలోవాట్లు" అన్న మాటకన్నా "పది నుంచి ఎనభైకి ఎన్ని నిమిషాలు" అన్నదే మనకి పనికొస్తుంది. గరిష్ఠ వేగం కొద్ది నిమిషాలే ఉంటుంది.

మీరు తరచూ వెళ్లే దారిలో ఒకసారి ఇప్పటి బండితోనే వెళ్లి చార్జర్లను కళ్లతో చూసి రండి. యాప్‌లో పచ్చచుక్క ఉంటుంది, అక్కడికెళ్తే స్క్రీన్ చీకటిగా ఉంటుంది. ఒక్క చార్జరే ఉన్న చోటుని లెక్కలోకి తీసుకోకండి.

ఆరో అడుగు: డబ్బు

పెట్రోలు మోడల్‌తో తేడా ఎంతో రాయండి. వైరింగ్ ఖర్చు, బీమా తేడా కలపండి. మొత్తాన్ని కిలోమీటరుకి మీకు మిగిలే డబ్బుతో భాగించండి. వచ్చేది మీరు ఎన్ని కిలోమీటర్లు తిరిగితే గిట్టుబాటవుతుందో ఆ అంకె. పుస్తకంలోని నెల అంకెతో దాన్ని మళ్లీ భాగిస్తే నెలలు వస్తాయి. అయిదేళ్లు దాటితే, డబ్బు కోసమే కొంటున్నవాళ్లు ఆగిపోవచ్చు. నిశ్శబ్దం కోసం, పొగ లేకపోవడం కోసం కొంటే ఆ లెక్క వేరు, దాన్ని తప్పుపట్టను.

ఆయిలు మార్చే పని లేదు, బ్రేకు ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. టైర్లు మాత్రం బరువుకీ, మోటారు ఒక్కసారిగా ఇచ్చే లాగుడికీ తొందరగా అరుగుతాయి. కొందరు అమ్మకందారులు కారు ఒక ధర, బ్యాటరీకి నెలనెలా అద్దె అంటారు. యూరప్‌లో రెనో జోయీతో ఈ పద్ధతి ఏళ్లపాటు నడిచింది. మొదటి ధర చిన్నగా కనిపిస్తుంది, కానీ తక్కువ తిరిగేవాళ్లకి అద్దె బరువవుతుంది, తిరిగి అమ్మేటప్పుడు కొనేవాడు ఆ ఒప్పందం చూసి వెనకాడతాడు. ఎలక్ట్రిక్ కార్ల ధరలు, మోడళ్లు త్వరగా మారుతుంటాయి కాబట్టి రీసేల్‌ని తక్కువగానే వేసుకోండి. అప్పు గడువు బ్యాటరీ వారంటీ దాటకుండా చూసుకోండి.

ఏడో అడుగు: అప్పుడు షోరూము

మొదట భద్రత రేటింగు అడగండి, అది ఏ ఏడాదిదో కూడా. 2013లో అయిదు నక్షత్రాలు తెచ్చుకున్న జోయీకి, ఖర్చు తగ్గించి పక్క ఎయిర్ బ్యాగు మార్చాక, యూరప్ భద్రతా సంస్థ యూరో ఎన్‌క్యాప్ గట్టిపరిచిన పరీక్షలో 2021లో సున్నా వచ్చింది. అదే రోజు స్ప్రింగ్‌కి ఒకటి. చవకలో మొదట కోత పడేది కళ్లకు కనిపించని ఇలాంటి చోటే.

టెస్ట్ డ్రైవ్‌కి ఇంట్లో అందరూ వెళ్లండి. బ్యాటరీ నేల కింద ఉండటం వల్ల వెనక సీట్లో మోకాళ్లు పైకి లేస్తాయి, పొడుగువాళ్లు అరగంట కూర్చుంటేనే తెలుస్తుంది. మీ పార్కింగ్ ర్యాంపు ఎక్కించి చూడండి, కింద తగులుతుందేమో. స్టెప్నీ ఉందా, గాలికొట్టే డబ్బా ఇచ్చి సరిపెట్టారా?

డెలివరీ రోజు తొందరపడకండి. తయారైన నెల చూడండి. టైరు పక్కనుండే నాలుగంకెల్లో మొదటి రెండూ టైరు తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. నెలల తరబడి యార్డులో నిలబడ్డ కారైతే మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ నీరసించి ఉంటుంది. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు లేవదు, కాబట్టి దాన్ని పరీక్షించి ఇవ్వమనండి. ఇచ్చే కేబుల్‌ని అక్కడే ప్లగ్గులో పెట్టి చార్జింగ్ మొదలవుతుందో లేదో చూసి, వీలైతే డీసీలో కూడా అయిదు నిమిషాలు పెట్టించి, అప్పుడు సంతకం చేయండి.

ఇంటికొచ్చిన మొదటి రాత్రి ప్లగ్గు పెట్టి అరగంటయ్యాక వెళ్లి చేత్తో తాకండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపేసి, పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేయండి.